అతుకుల బొంతకు లెక్క రాస్తే: కుట్టుపని మీది ఇష్టం ప్యాటర్న్ వ్యాపారంగా ఎలా మారుతుంది?

తెలుగు వార్తల్లో 'అతుకుల బొంత' అనే మాట ఎక్కువగా రాజకీయాల్లోనే వినిపిస్తుంది. సంకీర్ణ ప్రభుత్వాన్ని ఎద్దేవా చేయడానికి ప్రతిపక్షాలు వాడే మాట అది. పొంతన లేని ముక్కలను ఎలాగోలా కలిపి కుట్టేశారన్నది అందులోని భావం.

బొంత కుట్టేవాళ్లు ఆ పోలికను ఒప్పుకోరు. పాత చీర ఎక్కడ చిరిగింది, ఎక్కడ గట్టిగా ఉంది, ఏ ముక్క పైకి రావాలి, ఏది లోపలి పొరలో ఉండాలి అనే లెక్క వేసుకున్నాకే దబ్బనం పట్టుకుంటారు. కాకపోతే ఆ లెక్క ఎక్కడా రాసి ఉండదు. చేతిలో, కంటిలో ఉంటుంది.

ఆ లెక్కను కాగితం మీద పెట్టి, కొలతలు వేసి, ఎప్పుడూ మన మొహం చూడని వ్యక్తి కూడా కుట్టుకోగలిగేలా రాస్తే దాన్ని 'ప్యాటర్న్' అంటారు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జపాన్ లాంటి దేశాల్లో ప్యాటర్న్‌లు రాసి అమ్మడం చాలామంది మహిళలకు ఇంటి నుంచే నడిచే చిన్న వ్యాపారం. భారత్‌లోనూ కొందరు ఈ దారిలో అడుగుపెడుతున్నారు.

ఈ వ్యాపారం ఎలా నడుస్తుంది? ఎంత ఖర్చవుతుంది? చట్టం ఏమంటోంది? తరతరాలుగా ఒక సమాజం కుడుతున్న బొంతను 'నా డిజైన్' అని అమ్ముకోవచ్చా?

బొంతకు, ప్యాటర్న్‌కు తేడా ఏమిటి?

క్విల్ట్ అంటే సాధారణంగా మూడు పొరల దుప్పటి. పైన కనిపించే పొర, మధ్యలో దూది లేదా దానిలాంటి మెత్తటి పొర, కింద అడుగు బట్ట. ఈ మూడూ జారిపోకుండా పట్టి ఉంచే కుట్టునే క్విల్టింగ్ అంటారు. పై పొరను చిన్న ముక్కలతో కలిపి కుడితే అది ప్యాచ్‌వర్క్. ఒక బట్ట మీద ఇంకో బట్టను ఆకారంగా కత్తిరించి అతికి కుడితే అది ఆప్లిక్.

బొంత అమ్మితే ఒక వస్తువు అమ్మినట్టు. ఒకసారి అమ్మాక మళ్లీ డబ్బు రావాలంటే మళ్లీ కుట్టాలి. ప్యాటర్న్ అమ్మితే సూచనలు అమ్మినట్టు. ఒకసారి సరిగ్గా రాసిన పీడీఎఫ్‌ను పది మందికీ అమ్మవచ్చు, వెయ్యి మందికీ అమ్మవచ్చు.

మంచి ప్యాటర్న్‌లో ఇవి కచ్చితంగా ఉండాలి: పూర్తయిన బొంత ఫొటో, దాని కొలత, ఎంత అనుభవం ఉన్నవారు కుట్టగలరన్న సూచన, ఏ రంగు బట్ట ఎన్ని మీటర్లు కావాలో చెప్పే పట్టిక, ఏ ముక్క ఏ కొలతలో ఎన్ని కత్తిరించాలో, వాటిని ఏ వరుసలో కలపాలో చూపే బొమ్మలు, చివరగా అంచు కుట్టే విధానం. కొందరు రంగులు వేసి చూసుకోవడానికి ఒక ఖాళీ బొమ్మను కూడా జతచేస్తారు.

చేతిపనిలో సమయం ఎలా లెక్కలోకి రాదు?

ఊహకు ఒక లెక్క వేసుకుందాం. చేత్తో కుట్టే ఒక పెద్ద బొంతకు 120 గంటలు పట్టిందనుకోండి. గంటకు 80 రూపాయలు అనుకున్నా కూలి ఒక్కటే 9,600 రూపాయలు. బట్ట, దూది, దారం అదనం. యంత్రాల మీద తయారైన రజాయిలు అంతకన్నా ఎంతో తక్కువ ధరకు దొరికే మార్కెట్‌లో ఈ ధర చెప్పడానికి కుట్టినవాళ్లకే మొహమాటం. చివరికి వాళ్లు తగ్గించేది బట్ట ధర కాదు, తమ గంటల ధర.

తెలుగు నేల మీద దీనికి పాత ఉదాహరణే ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతంలో 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా లేసు అల్లిక వచ్చింది. తర్వాత అది విదేశాలకు ఎగుమతి అయ్యే పరిశ్రమగా ఎదిగింది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ మహిళలపై చేసిన అధ్యయనం 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' పేరుతో పుస్తకంగా వచ్చింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజుకు గంటల తరబడి అల్లుతున్న మహిళలను 'ఖాళీ సమయంలో పనిచేసే గృహిణులు'గా చూడటం వల్లే వారికి అంత తక్కువ కూలి దక్కుతోందని ఆమె వాదించారు.

నర్సాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. అది పేరుకు రక్షణ. అల్లినవారి గంటకు ధర ఎంతన్నది దానితో తేలలేదు.

ప్యాటర్న్ వ్యాపారం మీద ఆసక్తి పెరగడానికి కారణం ఇక్కడే ఉంది. గంటలు అమ్ముకోవడం కాకుండా, తెలిసినదాన్ని ఒకసారి రాసి పదే పదే అమ్మే అవకాశం అది. అయితే ఆ రాయడం కూడా పనే. కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఆ సమయానికి ముందుగా ఎవరూ డబ్బు ఇవ్వరు.

మన చుట్టూ ఏయే బొంతలున్నాయి?

డిజైన్ మొదలుపెట్టేవారు ముందుగా తెలుసుకోవాల్సినది, దక్షిణాసియాలో బొంత ఒక్కటి కాదని.

బెంగాల్, బంగ్లాదేశ్‌లలో కాంథా ఉంది. సంస్కృతంలోని 'కంథ' అనే మాట తెలుగు నిఘంటువుల్లోనూ బొంత అన్న అర్థంతోనే కనిపిస్తుంది. పాత చీరలను పొరలుగా పేర్చి, చీర అంచుల నుంచి లాగిన దారాలతో కుట్టడం పాత కాంథా పద్ధతి. బొమ్మలతో నిండినదాన్ని నక్షీ కాంథా అంటారు. పశ్చిమ బెంగాల్ నక్షీ కాంథాకు 2008లో జీఐ గుర్తింపు వచ్చింది. ఈ కళలో కృషికి ప్రీతికణా గోస్వామికి 2023లో, తక్దీరా బేగంకు 2024లో పద్మశ్రీ ప్రకటించారు.

బిహార్‌లో సుజని ఉంది. పుట్టిన బిడ్డను చుట్టడానికి పాత బట్టలు కలిపి కుట్టే అలవాటు నుంచి వచ్చింది. ముజఫర్‌పుర్ జిల్లా భుసురా ప్రాంత మహిళలు 1980ల చివరి నుంచి దీన్ని ఉపాధిగా మార్చుకున్నారు. వరకట్నం, బాలికల చదువు లాంటి విషయాలను కూడా బట్ట మీద కుట్టారు. ఈ కళకు చెందిన నిర్మలా దేవికి 2025లో పద్మశ్రీ ప్రకటించారు.

సింధ్, కచ్, రాజస్థాన్ ప్రాంతాల్లో రల్లీ, మహారాష్ట్రలో గోధడి ఉన్నాయి. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సమాజపు మహిళలు కుట్టే కవంది ఉంది. కవందిని ముందే ముక్కలు కత్తిరించి, బ్లాకులుగా కలిపి కుట్టరు. ఒక అంచు నుంచి మొదలుపెట్టి, ముక్కలను మడుస్తూ, లోపలికి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ మధ్యకు చేరతారు. నాలుగు మూలల్లో మడత పెట్టిన త్రికోణపు ముక్కలు ఉంచుతారు. వాటిని 'పూలు' అంటారు. అవి లేకపోతే బొంత పూర్తికానట్టే.

మనకూ బొంత కొత్త కాదు. పాత నేత చీరలతో కుట్టిన ఇంటి బొంత ఉంది. సంక్రాంతికి గుమ్మం ముందు నిలబడే గంగిరెద్దు ఒంటి మీద రంగురంగుల ముక్కల బొంత ఉంది. లంబాడా తండాల్లో అద్దాలు, గవ్వలతో కుట్టే బట్టలున్నాయి. వీటిలో ఏదీ 'డిజైనర్' పేరుతో నమోదు కాలేదు. కానీ వీటన్నింటి వెనుకా కుట్టినవాళ్లున్నారు.

అసలు పని: లెక్క

ప్యాటర్న్ రాయడంలో అందమైన ఊహ కన్నా ఎక్కువ సమయం తీసుకునేది లెక్క. ఒక చిన్న ఉదాహరణ చూద్దాం.

60 అంగుళాల వెడల్పు, 72 అంగుళాల పొడవు ఉన్న బొంత అనుకోండి. ఒక్కో బ్లాకు 12 అంగుళాలు. అంటే అడ్డంగా 5, నిలువుగా 6, మొత్తం 30 బ్లాకులు. ఒక్కో బ్లాకులో 4 అంగుళాల చదరాలు తొమ్మిది. అయిదు ఒక రంగువి, నాలుగు ఇంకో రంగువి. ప్రపంచమంతా 'నైన్ ప్యాచ్' పేరుతో తెలిసిన పాత పద్ధతి ఇది.

నాలుగు అంగుళాల చదరం అంటే నాలుగు అంగుళాలకే కత్తిరించకూడదు. క్విల్టింగ్‌లో కుట్టు కోసం ప్రతి వైపూ పావు అంగుళం వదలడం ఆనవాయితీ. కాబట్టి కత్తిరించాల్సింది 4.5 అంగుళాలు.

మొదటి రంగు చదరాలు 150 కావాలి, రెండో రంగువి 120. బట్ట వెడల్పులో పనికొచ్చేది 42 అంగుళాలు అనుకుంటే, 4.5 అంగుళాల పట్టీ ఒక్కోదానిలో 9 చదరాలు వస్తాయి. మొదటి రంగుకు 17 పట్టీలు, అంటే 76.5 అంగుళాల పొడవు. రెండో రంగుకు 14 పట్టీలు, 63 అంగుళాలు. మీటర్లలో సుమారు 1.95, 1.6. ఉతికితే బట్ట ముడుచుకుంటుంది, కత్తిరింపులో పొరపాటు జరుగుతుంది. కాబట్టి ప్యాటర్న్‌లో 2.2 మీటర్లు, 1.8 మీటర్లు అని రాయడం భద్రం.

పావు అంగుళం లెక్క మరిచి 4 అంగుళాలకే కత్తిరించమని రాస్తే ఏమవుతుంది? కుట్టాక ఒక్కో చదరం 3.5 అంగుళాలే మిగులుతుంది. బ్లాకు 10.5 అంగుళాలు అవుతుంది. 60 అంగుళాలు కావాల్సిన బొంత 52.5 అంగుళాల దగ్గర ఆగిపోతుంది. అప్పటికే కొన్నవారు ఖరీదైన బట్టను 270 ముక్కలుగా కోసేసి ఉంటారు.

చిన్న తేడాలు కూడా పేరుకుపోతాయి. ఈ బొంత అడ్డంగా 15 చదరాలు, అంటే వాటి మధ్య 14 కుట్లు. ప్రతి కుట్టూ ఒక అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ బట్ట తింటే, మొత్తం మీద 1.75 అంగుళాలు తగ్గుతుంది. అందుకే మొదటి బ్లాకు కుట్టాక కొలిచి చూసుకోమని మంచి ప్యాటర్న్‌లు ముందే చెబుతాయి.

భారత్ నుంచి రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. ఇక్కడ బట్టను మీటర్లలో, అమెరికాలో గజాల్లో కొంటారు. అక్కడ 'ఫ్యాట్ క్వార్టర్' పేరుతో 18 అంగుళాలు, 22 అంగుళాల ముక్కలు అమ్ముతారు. మంచాలూ వేరే. మన దగ్గర క్వీన్ సైజు పరుపు సాధారణంగా 60, 78 అంగుళాలు. అమెరికాలో 60, 80. కింగ్ సైజు ఇక్కడ 72, 78 అయితే అక్కడ 76, 80. కాబట్టి రెండు కొలతల్లోనూ పట్టికలు ఇవ్వాలి.

కాగితం సైజు కూడా తేడానే. మనం ఏ4 వాడతాం, అమెరికాలో 'లెటర్' సైజు వాడతారు. ఏ4 పేజీని లెటర్ కాగితంలో ఇమిడేలా ప్రింట్ చేస్తే బొమ్మ సుమారు 94 శాతానికి తగ్గుతుంది. 4.5 అంగుళాల అచ్చు 4.2 అంగుళాలకు వచ్చేస్తుంది. అందుకే అచ్చులున్న పేజీలో ఒక అంగుళం చదరాన్ని గీసి, ముందు దాన్ని స్కేలుతో కొలవమని రాస్తారు.

ఈ బొమ్మలు గీయడానికి 'ఎలక్ట్రిక్ క్విల్ట్ 8' లాంటి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ ఉంది. అడోబీ ఇలస్ట్రేటర్ వాడేవారు చాలామంది. ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్‌తోనూ పని జరుగుతుంది. గళ్ల నోట్‌బుక్కు, పెన్సిల్, స్కేలు లేకుండా మాత్రం ఎవరూ మొదలుపెట్టరు.

వేరేవాళ్లు కుట్టి చూడాలి

రాసినవారికి తమ తప్పు కనిపించదు. చేతికి తెలిసిన అడుగును కాగితం మీద వదిలేస్తారు. 'తర్వాత మామూలుగా కలపాలి' అని రాస్తారు. ఆ మామూలు ఏమిటో కొన్నవారికి తెలియదు.

అందుకే అమ్మకానికి పెట్టేముందు ప్యాటర్న్‌ను అయిదారుగురితో కుట్టించి చూస్తారు. వీళ్లను టెస్టర్లు అంటారు. అందరూ అనుభవజ్ఞులే కాకూడదు. మొదటిసారి కుడుతున్నవారు ఒకరిద్దరు ఉంటే ఎక్కడ ఆగిపోయారో తెలుస్తుంది. ఫొటోలు మాత్రమే అడగకుండా, ఏ అడుగు దగ్గర ఎంతసేపు పట్టింది, ఎంత బట్ట మిగిలింది, ఏ వాక్యాన్ని రెండుసార్లు చదవాల్సి వచ్చింది అని అడగాలి.

టెస్టర్లు చాలాచోట్ల డబ్బు తీసుకోకుండా, ఉచిత ప్యాటర్న్ కోసమే ఈ పని చేస్తారు. అయితే బట్ట ఖర్చు వాళ్లదే అవుతోంది. తన గంటలకు ధర దక్కాలని ఈ వ్యాపారంలోకి వచ్చినవారు, ఇంకొకరి గంటలను ఉచితంగా తీసుకునేముందు ఆలోచించుకోవాల్సిన విషయమిది. కనీసం బట్ట ఖర్చో, తర్వాత రాబోయే ప్యాటర్న్‌లో వాటానో ముందే మాట్లాడుకోవడం మంచిది.

టెస్టర్లతో పాటు లెక్కలను, వాక్యాలను సరిచూసే టెక్నికల్ ఎడిటర్లూ ఉంటారు. మొదటి రెండు మూడు ప్యాటర్న్‌లకు ఈ ఖర్చు దండగ అనిపిస్తుంది. కానీ ఒక తప్పుడు పట్టిక వల్ల వచ్చే చెడ్డ రివ్యూ ఏళ్ల తరబడి పేజీ మీద ఉండిపోతుంది.

ఏఐతో తయారైన బొమ్మలు వచ్చాక ఈ జాగ్రత్త విలువ ఇంకా పెరిగింది. కుట్టడానికే వీలుకాని బొమ్మలను అందమైన ఫొటోల్లా చూపించి ప్యాటర్న్‌లుగా అమ్ముతున్నారని క్రోషే, క్విల్టింగ్ చేసేవారు ఫిర్యాదు చేస్తున్నారు. నిజంగా కుట్టిన బొంత ఫొటో, టెస్టర్లు కుట్టిన రకరకాల రంగుల ఫొటోలు ఉంటే కొనేవారికి నమ్మకం కలుగుతుంది.

ఎక్కడ అమ్ముతారు? ఎంతకు?

డిజిటల్ క్విల్ట్ ప్యాటర్న్‌ల ధర అంతర్జాతీయంగా ఎక్కువగా 8 నుంచి 15 డాలర్ల మధ్య ఉంటోంది. ఎట్సీ లాంటి వేదికలపై, లేదా సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతారు. ఎట్సీలో ఒక్కో లిస్టింగ్‌కు 0.20 డాలర్లు, అమ్మకంపై 6.5 శాతం రుసుము ఉంటుంది. 12 డాలర్ల ప్యాటర్న్ మీద ఈ రెండూ కలిపి 0.98 డాలర్లు. చెల్లింపుల రుసుము, కరెన్సీ మార్పిడి ఖర్చు దీనికి అదనం.

భారత్‌లో డబ్బు తీసుకోవడానికి యూపీఐ చాలు. విదేశాల నుంచి తీసుకోవడానికే ఏర్పాటు కావాలి. పేపాల్ 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ లోపలి చెల్లింపులు ఆపేసి, విదేశీ చెల్లింపులకే పరిమితమైంది. ఏ వేదిక అయినా, డబ్బు బ్యాంకుకు చేరేసరికి ఎంత మిగులుతుందో ముందు ఒక చిన్న అమ్మకంతో చూసుకోవాలి.

దేశంలో ఈ మార్కెట్ చిన్నదే. కుట్టు నేర్చుకోవడానికి డబ్బిచ్చేవారు ఉన్నారు కానీ, కాగితానికి డబ్బేమిటి అనుకునేవారు ఎక్కువ. చెన్నైలో 2019 జనవరిలో జరిగిన ఇండియా క్విల్ట్ ఫెస్టివల్ లాంటి కార్యక్రమాలు దేశంలోని క్విల్టర్లను ఒకచోట చేర్చాయి. విదేశాల్లో చూస్తే, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉండే హ్యూస్టన్‌లోనే ఏటా అంతర్జాతీయ క్విల్ట్ ఫెస్టివల్ జరుగుతుంది. అక్కడ క్విల్టర్ల గిల్డ్‌లు, బట్టల దుకాణాలు, వర్క్‌షాపులు ప్యాటర్న్‌లను కొనే, ప్రచారం చేసే వ్యవస్థగా పనిచేస్తాయి.

మొదటి ప్యాటర్న్ ఖర్చు ఎప్పుడు తిరిగి వస్తుంది? మళ్లీ ఊహకు ఒక లెక్క. రెండు నమూనా బొంతల బట్ట, దూది, ఎడిటింగ్, ఫొటోలు అన్నీ కలిపి 20,000 రూపాయలు అయ్యాయనుకోండి. ఒక్కో కాపీ మీద చేతికి 250 రూపాయలు మిగిలితే 80 కాపీలు అమ్మాలి. 81వ కాపీ నుంచే మీ గంటలకు డబ్బు మొదలవుతుంది. అందుకే చాలామంది డిజైనర్లు ప్యాటర్న్‌ల మీదే ఆధారపడరు. క్లాసులు చెబుతారు, కత్తిరించిన బట్టతో కిట్‌లు అమ్ముతారు, పత్రికలకు డిజైన్లు ఇస్తారు. ఉద్యోగం వదిలేసి మొదలుపెట్టే వ్యాపారం కాదిది.

రిజిస్ట్రేషన్, పన్నులు

ఇంట్లో ఒక్కరే నడిపే వ్యాపారానికి కంపెనీ పెట్టాల్సిన అవసరం లేదు. సొంత పేరుతోనే నడపవచ్చు. అయితే విడి బ్యాంకు ఖాతా ఉంటే లెక్కలు కలిసిపోవు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జులై 1 నుంచి అమల్లో ఉంది. ఆధార్, పాన్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగే ప్రైవేటు వెబ్‌సైట్లతో జాగ్రత్త.

ప్రస్తుత నిబంధనల ప్రకారం జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి సేవలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏడాదికి 20 లక్షల రూపాయల టర్నోవర్. వస్తువులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో అది 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. డౌన్‌లోడ్ చేసుకునే పీడీఎఫ్ సేవ కిందికి వస్తుంది. కుట్టిన బొంత, కిట్ వస్తువులు. వస్తువులను వేరే రాష్ట్రానికి అమ్మితే నిబంధనలు మారతాయి, హస్తకళా వస్తువులకు కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. రెండూ కలిపి అమ్మేవారు మొదట్లోనే ఒకసారి అకౌంటెంట్‌ను అడగడం మేలు. జీఎస్టీ పరిధిలోకి రాకపోయినా ఆదాయపు పన్ను లెక్కలో ఈ సంపాదన చూపించాలి.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో దర్జీ పని ఉంది. బొంతలు కుట్టడం గానీ, ప్యాటర్న్ డిజైన్ గానీ విడిగా లేవు.

డిజైన్ ఎవరిది?

ఈ వ్యాపారంలో అన్నింటికన్నా కష్టమైన ప్రశ్న ఇది. దీనికి రెండు వైపులున్నాయి.

మొదటిది, మీ ప్యాటర్న్‌ను ఇతరులు కాపీ కొడితే? మీరు రాసిన సూచనలు, గీసిన బొమ్మలు, తీసిన ఫొటోలకు కాపీరైట్ ఉంటుంది. రిజిస్టర్ చేయకపోయినా ఉంటుంది. భారత్‌లో రచనలకు అది రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు. ఒకరు కొని వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పంచితే అది ఉల్లంఘనే. కానీ నైన్ ప్యాచ్, లాగ్ క్యాబిన్ లాంటి పాత బ్లాకులు అందరివీ. వాటిపై ఎవరికీ హక్కు రాదు. వాటిని మీరు అమర్చిన తీరు, వివరించిన మాటలు మాత్రమే మీవి.

డిజైన్‌ను బట్టల మీద పెద్ద ఎత్తున తయారుచేయించాలనుకుంటే కథ మారుతుంది. డిజైన్ల చట్టం, 2000 కింద రిజిస్టర్ చేయడానికి వీలున్న డిజైన్‌ను రిజిస్టర్ చేయకుండా, దాన్ని వాడిన వస్తువులను పారిశ్రామిక పద్ధతిలో 50కి మించి తయారుచేస్తే ఆ డిజైన్‌పై కాపీరైట్ పోతుందని కాపీరైట్ చట్టం సెక్షన్ 15 చెబుతోంది. ఈ సెక్షన్‌ను ఎలా అన్వయించాలో 2025 ఏప్రిల్‌లో క్రయోగ్యాస్, ఐనాక్స్ ఇండియా కేసులో సుప్రీంకోర్టు వివరించింది. డిజైన్ రిజిస్ట్రేషన్ అయితే 10 ఏళ్లు, ఇంకో 5 ఏళ్ల పొడిగింపుతో రక్షణ ఇస్తుంది. ఇందుకు దరఖాస్తును డిజైన్ బయటపెట్టక ముందే చేయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫొటో పెట్టాక డిజైన్ కొత్తదని చెప్పుకోవడం కష్టం.

రెండో వైపు దీనికి తిరగేసిన ప్రశ్న. మీరు ఎవరిది తీసుకుంటున్నారు?

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా చూపించిన చెప్పులు కొల్హాపురి చెప్పుల్లా ఉన్నాయని, ఎక్కడా ఆ పేరు చెప్పలేదని దేశంలో పెద్ద దుమారం రేగింది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరి నల్లజాతి మహిళల బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో ప్రదర్శనకు వచ్చాక ప్రపంచ ప్రసిద్ధి పొందాయి. 2006లో తపాలా బిళ్లల మీదికీ ఎక్కాయి. ఆ డిజైన్లతో వచ్చిన డబ్బులో తమకు దక్కాల్సింది దక్కలేదంటూ ఆ ఊరి క్విల్టర్లలో కొందరు 2007లో కోర్టుకు వెళ్లారు. తర్వాత ఏడాది ఆ వివాదం పరిష్కారమైంది.

సిద్దీల కవంది ఇప్పుడు విదేశీ క్విల్టర్లలో ఒక టెక్నిక్‌గా ప్రాచుర్యంలో ఉంది. ఆ పేరుతో వర్క్‌షాపులు జరుగుతున్నాయి. అంచు నుంచి మధ్యకు కుట్టే పద్ధతిని చట్టం ఎవరి సొత్తుగానూ చూడదు. కాపీరైట్‌కు ఒక రచయిత కావాలి. తరతరాలుగా ఒక సమాజం కలిసి చేసినదానికి రచయిత పేరు రాసే గడి ఆ చట్టంలో లేదు. జీఐ గుర్తింపు సమాజాన్ని గుర్తిస్తుంది కానీ, అది ప్రధానంగా పేరును కాపాడుతుంది. ఫలానా ప్రాంతంలో ఫలానా పద్ధతిలో తయారైనదాన్నే ఆ పేరుతో అమ్మాలంటుంది.

కాబట్టి చట్టం అడ్డు చెప్పని చోట కూడా డిజైనర్ తనకు తాను కొన్ని నియమాలు పెట్టుకోవాల్సి వస్తుంది. సంప్రదాయ పద్ధతి నుంచి తీసుకుంటే ఏ సమాజం, ఏ ప్రాంతం అన్నది ప్యాటర్న్ మొదటి పేజీలోనే రాయడం. 'నక్షీ కాంథా' లాంటి జీఐ పేరును అమ్మకం కోసం శీర్షికగా వాడకపోవడం. ఒక మహిళ దగ్గర కూర్చుని నేర్చుకుంటే, ఆమె అనుమతి అడగడం, నేర్పినందుకు డబ్బు ఇవ్వడం, పేరు వేయడం ఇష్టమా కాదా అని తెలుసుకోవడం. ఆ సమాజపు సహకార సంఘం బొంతలు అమ్ముతుంటే కొనేవారికి ఆ దారి చూపడం. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

మొదటి ప్యాటర్న్ ఎలా ఉండాలి?

పెద్ద మంచం బొంతతో మొదలుపెట్టకండి. 36 అంగుళాల చదరపు పసిపిల్లల బొంత చాలు. 12 అంగుళాల బ్లాకులు తొమ్మిది. తక్కువ బట్ట, తక్కువ కుట్లు, టెస్టర్లకు తక్కువ భారం. తప్పు దొరికినా సరిదిద్దడం సులభం. కొన్నవారు తాము కుట్టిన బొంతను అమ్ముకోవచ్చా లేదా అన్నది చివరి పేజీలో స్పష్టంగా రాయండి. ఎక్కువగా వచ్చే ప్రశ్న అదే.

దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఇంట్లో పాత బొంత ఉంటే దాన్ని నేల మీద పరిచి కొలవండి. ఎన్ని పొరలున్నాయో, అంగుళానికి ఎన్ని కుట్లున్నాయో, ఏ చీర ఎక్కడ వాడారో రాసుకోండి. కుట్టినవారు ఉంటే అడగండి, ఈ ముక్క ఇక్కడే ఎందుకు పెట్టారని. వాళ్లు చెప్పేది రాసుకోండి. రేపు అది ప్యాటర్న్‌గా మారితే, మొదటి పేజీలో మీ పేరు పక్కన వారి పేరు కూడా ఉండాలి.